ముందు నీటి పరీక్ష, ఆ తర్వాతే యంత్రం

పెరటి ఈతకొలనుకు నీటిశుద్ధి పద్ధతి ఏదన్న ఎంపిక యంత్రం దగ్గర కాదు, కొలనును నింపే నీటి దగ్గర మొదలవాలి. హైదరాబాద్ శివారు ఫామ్‌హౌస్‌లలో చాలా కొలనులకు బోరునీరే ఆధారం. అది చాలాచోట్ల కఠినజలం. గీజరు కాయిల్‌కు పట్టే తెల్లటి పెచ్చును చూసినవారికి వేరే రుజువు అక్కర్లేదు. ఉప్పు క్లోరినేటర్‌ను క్లోరిన్ లేని పద్ధతిగా అమ్మజూపడం ఒట్టి మాయమాట. లీటరుకు సుమారు 3 గ్రాముల ఉప్పున్న నీటిలోకి విద్యుత్తు పంపి అది పుట్టించేది క్లోరిన్‌నే. రోజూ మందు కలిపే శ్రమ తప్పుతుంది, నిజమే. కానీ కఠినజలంలో దాని పలకలకు అదే సున్నపు పెచ్చు కడుతుంది. పైగా పీహెచ్ పెరుగుతూ పోతుంది. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం చురుకుగా క్రిములను చంపే రూపంలో ఉంటే, 8 దగ్గర నాలుగో వంతే మిగులుతుంది. ఆమ్లం డబ్బా ఎలాగూ తప్పదన్నమాట. బ్లీచింగ్ పౌడరు చవకే గానీ ఉన్న కాల్షియానికి మరికొంత కలుపుతుంది. ట్రైక్లోర్ బిళ్ళలు వదిలే సయన్యూరిక్ ఆమ్లం ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడుతుంది, మోతాదు మించితే దాన్నే మందగింపజేస్తుంది. అతినీలలోహిత దీపాలు తమ గుండా పారే నీటినే శుద్ధి చేస్తాయి; కొలనులో నిలిచి కాపలా కాసేది మళ్లీ క్లోరినే. కఠినమైన బోరునీటికి ఇసుక ఫిల్టరు, ద్రవ హైపోక్లోరైట్‌ను కొలిచి వదిలే చిన్న పంపు మేలు. ఉప్పు యంత్రం మృదుజలం దొరికే ఇళ్లకు నప్పుతుంది.