ఇద్దరిదీ 42 పరుగులే.. కానీ లెక్క ఒకటేనా? క్రికెట్ గణాంకాలతో జరుగుతున్న పొరపాటు ఇదే!

స్ట్రైక్ రేట్ 210 ఒకరిది, 135 మరొకరిది. ఎవరు బాగా ఆడారు? సోషల్ మీడియాలో అడిగితే సెకను కూడా ఆలోచించకుండా జవాబు వచ్చేస్తుంది. స్కోర్‌కార్డు మొత్తం చూస్తే మాత్రం అంత ఈజీ కాదు.

2024 ఏప్రిల్ 15న బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ 287 పరుగులు బాదింది. ఛేజింగ్‌లో ఆర్‌సీబీ 262 కొట్టి కూడా ఓడిపోయింది. ఆ మ్యాచ్‌లో విరాట్ కోహ్లీ 20 బంతుల్లో 42 పరుగులు చేశాడు. దాదాపు 8 వారాల తర్వాత, జూన్ 9న న్యూయార్క్‌లో టీ20 వరల్డ్ కప్ మ్యాచ్. పాకిస్థాన్‌పై రిషభ్ పంత్ కూడా 42 పరుగులే చేశాడు.. కానీ 31 బంతుల్లో.

బెంగళూరులో 40 ఓవర్లకు 549 పరుగులు వచ్చాయి. అంటే ప్రతి 100 బంతులకు దాదాపు 229. న్యూయార్క్‌లో భారత్ 119కి ఆలౌట్, పాక్ 113కే ఆగింది. రెండు జట్లూ కలిసి 39 ఓవర్లలో చేసింది 232. అంటే 100 బంతులకు 99. మ్యాచ్ మొత్తం 229 వేగంతో నడుస్తుంటే 210 అనేది కాస్త వెనకే. అదే 99 వేగంతో నడిచిన మ్యాచ్‌లో 135 అంటే అందరికంటే చాలా ముందున్నట్టు. ఆ రోజు రెండు జట్లలోనూ పంత్‌దే టాప్ స్కోర్. భారత్ గెలిచింది కేవలం 6 పరుగుల తేడాతో! (పంత్ ఇచ్చిన క్యాచ్‌లు పాక్ ఫీల్డర్లు వదిలేశారన్నది కూడా నిజమే. ఆ సంగతి ఏ స్ట్రైక్ రేట్‌లోనూ కనిపించదు.)

బౌలర్లదీ ఇదే కథ. న్యూయార్క్‌లో బుమ్రా 4 ఓవర్లలో 14 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు, దాన్ని అందరూ మెచ్చుకున్నారు. బెంగళూరులో కమిన్స్ 3 వికెట్లు తీసి 43 ఇచ్చాడు. ఓవర్‌కు 10.75 అంటే చాలామందికి చెత్త బౌలింగే. కానీ ఆ మ్యాచ్‌లో ఓవర్‌కు 13.7 పరుగులు వచ్చాయన్నది మర్చిపోకూడదు.

ఇక టెస్టులకు వస్తే, తరచూ వైరల్ అయ్యే పోస్ట్ ఒకటుంది. వినోద్ కాంబ్లీ సగటు 54.20, సచిన్ సగటు 53.78, కాబట్టి కాంబ్లీయే గొప్ప అని! అంకెలు రెండూ కరెక్టే. కానీ సచిన్ ఆడింది 200 టెస్టులు, కాంబ్లీ ఆడింది 17. కాంబ్లీ మొత్తం 1084 పరుగుల్లో 451 రెండే ఇన్నింగ్స్‌లో వచ్చాయి, 1993లో చేసిన 224, 227. అవి పక్కనపెడితే సగటు 35 దగ్గరకు పడిపోతుంది.

ఎవరి బెస్ట్ ఇన్నింగ్స్ తీసేసినా సగటు తగ్గుతుంది కదా అనొచ్చు. మన హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్‌తో చూద్దాం. 134 టెస్టులు, 8781 పరుగులు, సగటు 45.97. ఇందులోంచి 2001 కోల్‌కతా టెస్టులో ఆస్ట్రేలియాపై కొట్టిన ఆ 281ని తీసేసినా సగటు 44.7 వరకే దిగుతుంది. 225 ఇన్నింగ్స్ ఆడిన వాళ్ల సగటు ఒక్క ఇన్నింగ్స్‌తో ఊగిపోదు. 21 ఇన్నింగ్స్ ఆడిన వాళ్లది ఊగుతుంది. ఐపీఎల్‌లో 5 మ్యాచ్‌ల సగటు చూపించి కుర్రాళ్లను టీమిండియాలోకి పంపేస్తున్న పోస్టులకూ ఈ లెక్కే వర్తిస్తుంది.

ధోనీ వన్డే సగటు గొడవ మరో రకం. 50.57 సగటులో 84 నాటౌట్ల వాటా పెద్దదే. 10,773 పరుగులను అతడు ఆడిన 297 ఇన్నింగ్స్‌తో భాగిస్తే వచ్చేది 36 చిల్లర. 'చూశారా, బండారం బయటపడింది' అంటారు విమర్శకులు. అదీ తొందరపాటే. ఐదో, ఆరో స్థానంలో వచ్చేవాడికి చాలాసార్లు మిగిలేది చివరి 10 ఓవర్లే. ఓపెనర్‌కు దొరికే 50 ఓవర్లు అతడికి ఎక్కడివి? ధోనీని పోల్చాల్సింది సచిన్‌తోనో రోహిత్‌తోనో కాదు, అదే స్థానంలో ఆడిన బెవాన్ లాంటి వాళ్లతో. ఆస్ట్రేలియా ఫినిషర్ బెవాన్ వన్డే సగటు 53.58.