డ్రోన్ ఎగిరితే సరిపోదు

కొలిచే పరికరం మారితే భూమి తగాదాలు తీరిపోతాయన్న నమ్మకం మన ప్రభుత్వ కార్యాలయాల్లో పాతుకుపోయింది. డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో హద్దు కొలిచే రోవర్లు, సాఫ్ట్‌వేర్ కొంటే జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) అమలైపోయినట్టే లెక్క కడుతున్నారు. ఈ నమ్మకం తప్పు. దాని ఖరీదు రైతు కడుతున్నాడు.

పాత పటాలు ఎందుకు చెడ్డాయో ముందు చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఊళ్ల ఎఫ్‌ఎంబీలు (పొలాల కొలతల పటాల పుస్తకాలు) దాదాపు నూరేళ్ల నాటివి. గొలుసు పట్టి కొలిచిన సర్వేయర్ల తప్పులకన్నా, ఆ తర్వాత కార్యాలయాలు చేయకుండా వదిలేసిన పనే వాటిని ఎక్కువ చెడగొట్టింది. అన్నదమ్ములు పంచుకున్నారు, కొంత అమ్ముకున్నారు, కొంత కాలువ కింద పోయింది. ఊరి భూమి రికార్డయిన అడంగల్‌లో పేర్లు మారాయి, పటంలో గీత పడలేదు. సర్వే నంబరును విడగొట్టే సబ్‌డివిజన్ కాకుండానే రిజిస్ట్రేషన్లు జరిగిపోయాయి. పటానికీ పొలానికీ సంబంధం తెగిపోయింది అక్కడే.

2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైన భూముల రీసర్వేనే తీసుకోండి. రోవర్ కొద్ది సెంటీమీటర్ల తేడాతో హద్దు చూపగలదు. అయినా ఎన్నో ఊళ్లలో పలువురి భూములు కలిపి ఉమ్మడి ఎల్‌పీఎంలు (ల్యాండ్ పార్సిల్ మ్యాప్‌లు) ఇచ్చారు. తన వాటాకు విడి పటం లేని రైతు మళ్లీ సబ్‌డివిజన్‌కు అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. ఏ గట్టు ఎవరిదో రోవర్ చెప్పలేదు. పక్క పొలాల రైతులను గట్టు మీద నిలబెట్టి, దస్తావేజులు చూసి మనుషులే తేల్చాలి.

"యంత్రాలు లేకుండా ఇన్ని లక్షల ఎకరాలు ఎప్పటికి కొలుస్తారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, డ్రోన్ కావలసిందే. కానీ కొలత ఒకసారితో అయిపోతుంది. భూమి చేతులు మారడం రోజూ జరుగుతుంది. ఆ రోజువారీ పనికి మనిషిని పెట్టకపోతే కొత్త పటానికీ పాతదాని గతే.

1960వ దశకంలో కెనడాలో తొలి జీఐఎస్‌కు రూపమిచ్చిన రోజర్ టామ్లిన్సన్ పట్టుబట్టింది పనుల క్రమం మీదే. ఎవరికి, ఏ పనికి, ఏ సమాచారం కావాలో ముందు తేల్చుకోవాలి. యంత్రాల ఎంపిక ఆ తర్వాత. మన దగ్గర టెండరు ముందు నడుస్తోంది.

రిజిస్ట్రేషన్ అయ్యాక పటంలో గీత మార్చే బాధ్యత ఏ ఉద్యోగిది? ఎన్ని రోజుల్లో? తప్పు పడితే రైతు ఎవరిని నిలదీయాలి? రిజిస్ట్రేషన్, రెవెన్యూ, సర్వే శాఖలు మూడూ ఒకే పటం వాడతాయా? ఏటేటా జీతాలకు, శిక్షణకు డబ్బు ఏ పద్దు కింద ఇస్తారు? వీటికి జవాబు రాయని ప్రణాళికకు ఒక్క రూపాయి కూడా మంజూరు చేయకూడదు.