సంతకం పెట్టేముందు

పోయినసారి ఆవకాయ కబుర్లు చెప్పుకున్నాం. ఈసారి కోర్టు కబురు. అయితే ఇదీ వంటింట్లోనే మొదలైంది.

మా లీడ్స్‌లో నేను అక్కా అని పిలిచే ఆవిడ ఒకరున్నారు. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "ఒకసారి వస్తావా, ఒక కాగితం చదివి పెట్టాలి" అన్నారు. వెళ్లి చూస్తే అది స్టాట్యుటరీ డిమాండ్. బావగారి రెస్టారెంట్ మూతపడింది. కంపెనీ తీర్చలేని బ్యాంకు లోన్‌ని అక్క కట్టాలని దాని సారాంశం. ఎందుకంటే ఆవిడ గ్యారంటీ సంతకం పెట్టారు. ఎవరో వచ్చి కాగితం ఆవిడ చేతికే ఇచ్చి వెళ్లారట. బావగారు "నేను చూసుకుంటాలే" అని సొరుగులో పెట్టేశారు. అప్పటికే తొమ్మిది రోజులు గడిచిపోయాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ కాగితం అందాక, దాన్ని రద్దు చేయమని కోర్టుకి దరఖాస్తు పెట్టడానికి 18 రోజులే గడువు. 21 రోజులు దాటితే, బాకీ 5,000 పౌండ్లు లేదా అంతకంటే ఎక్కువైతే, దివాలా పిటిషన్ వేయొచ్చు. ఇల్లేమో ఇద్దరి పేరునా ఉంది.

ఇల్లు కొన్నప్పటి సొలిసిటర్‌ని అడిగితే, "ఇది నా పని కాదు, ఇన్‌సాల్వెన్సీ చూసే బారిస్టర్‌ని కలవండి" అన్నారు. బారిస్టర్ అనగానే నాకు ప్రకాశం పంతులు గారు, లండన్, తెల్ల విగ్గు గుర్తొచ్చాయి. లండన్ దాకా ఎలా వెళ్తాం అని గాభరా పడ్డాం. తీరా చూస్తే మా ఊళ్లోనే, పార్క్ స్క్వేర్ చుట్టుపక్కలే, ఆ చాంబర్లు ఉన్నాయి. 2017 నుంచి బిజినెస్ అండ్ ప్రాపర్టీ కోర్టులన్న పేరుతో వ్యాపారం, ఆస్తులు, దివాలా కేసులు లీడ్స్, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, బ్రిస్టల్, కార్డిఫ్ లాంటి ఊళ్లలో కూడా నడుస్తున్నాయి. అందుకే ఆ పనే చేసే బారిస్టర్లూ అక్కడే ఉంటారు. చాన్సరీ అన్న మాటకి భయపడకండి. ఆస్తులు, ట్రస్టులు, వీలునామాలు, కంపెనీల తగాదాలు చూసే విభాగం అది.

పబ్లిక్ యాక్సెస్ అనుమతి ఉన్న బారిస్టర్‌ని సొలిసిటర్ లేకుండా నేరుగా కలవొచ్చు. చాంబర్స్‌లోని క్లర్కు ఫీజు ఎంతో ముందే చెప్పేశారు. మేం కలిసినావిడ విగ్గూ గౌనూ లేకుండా మామూలు కోటు వేసుకుని వచ్చారు. కాగితాలన్నీ చదివి అక్కని ఒకటే అడిగారు. "సంతకం పెట్టేముందు, మీ భర్త పక్కన లేకుండా, ఏ లాయరైనా మీకు ఇది వివరించారా?"

అక్క తల అడ్డంగా ఊపారు. కాగితాలు బావగారే ఇంటికి తెచ్చారట. స్టవ్ మీద పప్పు ఉడుకుతుండగా, చూపించిన చోటల్లా సంతకం పెట్టారట.

భర్త అప్పుకి భార్య హామీ ఉంటే, ఆమెకి విడిగా లాయరు సలహా అందేలా బ్యాంకు జాగ్రత్త పడాలని 2001లో ఎట్రిడ్జ్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. అది జరగనంత మాత్రాన హామీ చెల్లకుండా పోదు. భర్త ఒత్తిడి పెట్టారనో, తప్పుగా చెప్పారనో కూడా చూపించాలి. "ఇల్లు పోయేదేమీ లేదు, ఊరికే ఫార్మాలిటీ" అని బావగారు చెప్పిన మాట అక్కడ పనికొచ్చింది. అది చెప్పడానికి అక్క చాలాసేపు తటపటాయించారు. మొగుడి మీద చాడీ చెప్పినట్టు ఉంటుందని ఆవిడ బాధ.

పదిహేడో రోజున దరఖాస్తు పడింది. వాదించదగ్గ విషయం ఉందని కోర్టు ఆ డిమాండ్‌ని రద్దు చేసింది. కథ పూర్తిగా అయిపోలేదు, బ్యాంకు మళ్లీ దావా వేయొచ్చు. కానీ దివాలా గండం తప్పింది.

నేను కెమిస్ట్రీ చదివాను. లేబుల్ చదవకుండా సీసా మూత తీయకూడదని మొదటి రోజే నేర్పారు. ఆ జాగ్రత్త కాగితాలకి ఎందుకు వాడనో నాకే తెలియదు. ఆ రాత్రి మా వారి ఫైలు తీసి, నేనెక్కడెక్కడ సంతకం పెట్టానో చూసుకున్నాను. రెండు చోట్ల ఉంది!

మీరూ ఒకసారి చూసుకోండి. మీ పేరున ఏ కాగితం వచ్చినా అందిన తేదీ దాని మీదే రాసి పెట్టండి. డబ్బు ఇబ్బందిగా ఉంటే ముందు సిటిజన్స్ అడ్వైస్‌కి వెళ్లండి, అక్కడ సలహా ఉచితం. సొరుగులో మాత్రం పెట్టకండి.

మళ్లీ కలుద్దాం.