కరెంటు పాఠం చేత్తో నేర్పండి

ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట మండలాల తల్లిదండ్రులకు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులకు, హెడ్మాస్టర్లకు, సర్పంచులకు విన్నపం.

పెన్నకు అడ్డంగా సోమశిలలో 78 టీఎంసీల జలాశయం ఉంది. అయినా సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు వైపు మెట్ట రైతుకు బోరే దిక్కు. బోరంటే మోటారు, మోటారంటే కరెంటు. రేపు సోమశిల హైలెవెల్ లిఫ్ట్ కాలువ పూర్తయినా ఆ నీళ్లు మెట్టకు ఎక్కేది పంపులతోనే. మన పంట, మన తాగునీరు అన్నీ తీగ మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ తీగలో ఏం జరుగుతుందో మాత్రం మన పిల్లలకు ఎవరూ చేతికిచ్చి నేర్పడం లేదు.

ఫ్యూజు పోతే ఏం చేస్తున్నాం? దొరికిన రాగి తీగను నాలుగు పోగులు మెలిపెట్టి బిగిస్తున్నాం. ఇక పోదులే అని నిశ్చింతగా ఉంటున్నాం. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందనుకోండి. నడుస్తున్న మోటారు వెంటనే ఆగదు. అదే బరువును మిగిలిన రెండింటితో లాగుతుంది. ఆ రెండు తీగల్లో కరెంటు దాదాపు ఒకటి ముప్పావు రెట్లకు పెరుగుతుంది. సరైన ఫ్యూజు, సరిగ్గా సెట్ చేసిన ఓవర్‌లోడ్ రిలే ఉంటే మోటారు అక్కడే ఆగిపోతుంది. లావు తీగ వేసుకున్న చోట లోపలి వైండింగే ఫ్యూజు అవుతుంది. ఆ మోటారును బోరులోంచి పైకి తీయించి, వైండింగ్ షాపుకు మోసి, మళ్లీ దించేసరికి పైరు వాడిపోతుంది.

మోటారు పోతే అప్పు చేసైనా తెచ్చుకుంటాం. మనిషి పోతే? కరెంటు షాకుతో మన దేశంలో ఏటా పది వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కలు చెబుతున్నాయి. సర్వీసు వైరు ఒరుసుకుంటున్న ఇనప దండెం మీద తడిబట్టలు ఆరేసే అమ్మ, ఎండాకాలం రేకు కూలరులో నీళ్లు పోసే పిల్ల, అడవి పందుల కోసం పక్కవాడు పెట్టిన కరెంటు తీగ తెలియక చీకట్లో తొక్కిన రైతు... వీళ్లంతా ఆ లెక్కలో ఉన్న మనుషులే.

ఒక్క లెక్క చూడండి. తడిసిన ఒంటికి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుందాం. ఇంట్లో వచ్చేది 230 వోల్టులు. భాగిస్తే 0.23 ఆంపియరు. పాతకాలపు 60 వాట్ల బల్బు వెలగడానికి పట్టే కరెంటు 0.26 ఆంపియరు. అంటే ఒక బల్బుకు కూడా చాలని కరెంటు మనిషి ప్రాణం తీయగలదు. 5 ఆంపియర్ల ఫ్యూజు, 6 ఆంపియర్ల ఎంసీబీ ఇలాంటప్పుడు ఉలకవు, పలకవు. అవి వైరింగును కాపాడటానికి పెట్టినవి. మనిషిని కాపాడాలంటే మంచి ఎర్తింగు ఉండాలి, 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎందుకుందో తెలిసినవాడు దాన్ని విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చడు.

ఈ లెక్కకు కావలసింది ఓమ్ నియమం ఒక్కటే. జర్మనీలో గేయోర్గ్ ఓమ్ దాన్ని 1827లోనే పుస్తకంగా ప్రచురించాడు. మన పదో తరగతి పిల్లలు దాన్ని కంఠస్థం చేసి రాస్తున్నారు, మార్కులు తెచ్చుకుంటున్నారు. పరీక్షలో రాసిన ఆ సూత్రమే ఇంట్లో కూలరులో పనిచేస్తోందని, నాన్న స్టార్టరు పెట్టెలో పనిచేస్తోందని వాళ్లకు తట్టదు. తప్పు వాళ్లది కాదు, ఉపాధ్యాయులదీ కాదు. మీటరు పట్టుకోకుండా ఈ పాఠం ఎవరికీ ఒంటబట్టదు.

అందుకే మేము అడుగుతున్నది ఒక్కటే. మన మెట్ట మండలాల ప్రతి జిల్లా పరిషత్ హైస్కూల్లో వారానికి రెండు పీరియడ్లు కరెంటు పాఠం చేత్తో నేర్పాలి.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, 470 ఓముల రెసిస్టరు, కొన్ని వందల రూపాయల డిజిటల్ మల్టీమీటరు చాలు. ఎల్‌ఈడీ దగ్గర రెండు వోల్టులు పోగా మిగిలిన ఏడును 470తో భాగిస్తే సుమారు 15 మిల్లీ ఆంపియర్లు రావాలి. పిల్లలు ముందు లెక్క కట్టాలి, తర్వాత మీటరు పెట్టి చూడాలి. కాగితం మీద తేలిన అంకె మీటరులో కనబడినప్పుడు ఆ పిల్లల మొహాలు చూడాలి! రెసిస్టరు తీసేస్తే ఎల్‌ఈడీ మాడిపోతుంది. మాడనివ్వండి. రూపాయో రెండో ఖరీదు చేసే దాంతో నేర్చిన సంగతి వేల రూపాయల మోటారును కాపాడుతుంది. ఆ తర్వాత ఒక చిన్న ట్రాన్సిస్టరు, బజరు, రెండు తీగలతో ట్యాంకు నిండగానే మోగే అలారం తయారు చేయించండి. అది బడి నుంచి నేరుగా ఇంటిమీది ట్యాంకుకే ఎక్కుతుంది.

పిల్లలకు కరెంటుతో ఆటలేమిటని తల్లులు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. కాబట్టి హద్దు ముందే గీద్దాం. బడిలో పిల్లలు ముట్టేది 12 వోల్టుల లోపే. 230 వోల్టుల బోర్డు పెద్దలు సరఫరా కట్టేసి చూపించాలి, పిల్లలు చూసి నేర్చుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోకూడదు, అది లైన్ క్లియర్ తీసుకున్న లైన్‌మన్ పని. ఎందుకు పోకూడదో కారణంతో సహా తెలిసిన పిల్లవాడు, ఫ్యూజు వేయడానికి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కబోయే నాన్నను ఆపగలుగుతాడు. ఈ పాఠంలో ఆడపిల్లలు ముందు వరసలో ఉండాలి. ఇంట్లో ఇస్త్రీపెట్టె, గ్రైండరు, కూలరు ఎక్కువగా పట్టుకునేది వాళ్లే కదా.

నేర్పేవాళ్లేరీ అంటారేమో. ప్రతి మండల కేంద్రంలో వైండింగ్ చేసేవాళ్లున్నారు, ఇళ్లకు వైరింగ్ చేసే ఐటీఐ కుర్రాళ్లున్నారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. బడుల్లో ప్రయోగశాలలుగా పెట్టే అటల్ టింకరింగ్ ల్యాబులకు కేంద్రం 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తోంది. అది వస్తే సంతోషం, అడుగుదాం. కానీ అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు.

మన బోర్లలో కోయంబత్తూరు మోటార్లు చాలా ఉన్నాయి. ఆ ఊరి పక్కన కలంగల్‌లో 1893లో ఒక తెలుగు ఇంట పుట్టిన జి.డి. నాయుడు బడి చదువు పెద్దగా సాగలేదు. మోటారుసైకిలు కొని, విప్పి, తిరిగి బిగించి యంత్రం గుట్టు తెలుసుకున్నాడు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి స్వదేశీ ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశాడు. 1945లో ఆయన చొరవతో మొదలైన ఇంజనీరింగు కళాశాలలో నాలుగేళ్ల కోర్సు దండగ, చేతిపనితో రెండేళ్లు చాలని ప్రభుత్వంతో పట్టుబట్టి, కుదరక అక్కడి తన పదవి వదులుకున్నాడు. రెండేళ్లా నాలుగేళ్లా అన్న వాదన ఎలా ఉన్నా, చేయిపెట్టనిదే యంత్రం తెలియదన్న ఆయన పట్టుదలను మన బడులు అందిపుచ్చుకోవాలి.

వచ్చే యాజమాన్య కమిటీ సమావేశంలో తల్లిదండ్రులు లేచి ఈ తీర్మానం పెట్టండి, సంతకాలు చేయించి ఒక నకలు మండల విద్యాశాఖాధికారికి ఇవ్వండి:

"మా హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికి రెండు పీరియడ్లు విద్యుత్ వలయాల ప్రయోగ పాఠం జరపాలి. ప్రతి నలుగురు పిల్లలకు ఒక మల్టీమీటరు సమకూర్చాలి. స్థానిక ఎలక్ట్రీషియన్‌ను గౌరవ వేతనంతో పిలవాలి. వర్షాకాలానికి ముందే బడిలోని ఎర్తింగు, స్విచ్ బోర్డులు తనిఖీ చేయించి, ఆర్‌సీసీబీ బిగించాలి. ఆ తనిఖీ పిల్లల ఎదుటే జరగాలి."