జంట సైకిలును జేసిన దెవరు?



ఇంగ్లండునందు కాపురముండు మన సోదరి యొకరు వ్రాసిన జాబు ఈ నెల మన శీర్షికకు విషయమైనది. ఆమె పొరుగింట నొక వృద్ధురాలు గలదు. ఆమె భర్త గతించి రెండేండ్లయినది. యౌవనమున దంపతు లిరువురును దొక్కిన టాండెము సైకిలు, అనగా ముందొకరు వెనుకొకరు గూర్చుండి యిరువురును దొక్కెడి జంట సైకిలు, కొట్టులో మూలబడి యున్నది. ఆమె చిన్న యింటికి మారబోవుచు దాని నమ్మదలచినది. చూడవచ్చిన బేరగాడు "దీనిపై పేరు లేదు, పాత యినుము వెల యిత్తును" అనెనట. మన సోదరి వెనుక చక్రపు హబ్బుపై "స్టర్మీ ఆర్చర్" అను నక్షరములు జూచి, చేసినవారు వీరే గదా యని యడుగుచున్నది.

కాదు, సోదరీ! చాలమంది పొరబడునది యిచ్చటనే. స్టర్మీ ఆర్చర్ వారు 1902 మొదలు నాటింగ్‌హాములో గేర్ల హబ్బులు చేసి పెక్కు కంపెనీల సైకిళ్లకు అమ్మినవారు. తలుపు తాళముపై నున్న పేరు జూచి యిల్లు గట్టిన మేస్త్రి పేరు చెప్పగలమా? అయినను ఆ హబ్బు నిష్ప్రయోజనము గాదు. వారి హబ్బులు పెక్కింటిపై సంవత్సరమును నెలయు సూచించు అంకె లుండును. 52, 8 అని యున్నచో 1952 ఆగస్టు అని యర్థము. అయితే చక్రము తరువాత మార్చబడి యుండవచ్చును గాన, దీనిని సూచనగా మాత్రమే గొనవలయును.

అట్లే ఫ్రేముపై "రెనాల్డ్సు 531" అను చీటి యున్నచో, అది 1935లో వెలువడిన మేలిరకపు ఉక్కు గొట్టముల పేరు. బట్ట మంచిదని చెప్పునే గాని కుట్టిన దర్జీ యెవరో చెప్పదు.

ఇక పెడళ్లకడ నుండు చెయిన్ వీలును జూడుడు. పాతకాలపు పెద్ద కంపెనీలు దానిలోనే తమ గుర్తులను గోయించెడివి. కొంగ తలలున్న రాలీ, అరచేయి యున్న రడ్జి, మనుష్యుల బొమ్మలున్న హంబర్. బి.ఎస్.ఏ. అను నక్షరములున్నచో మాత్రము తొందరపడరాదు. బర్మింగ్‌హామునందలి యా కంపెనీ సైకిలు భాగములను విడిగా చిన్న దుకాణములకు గూడ అమ్మెను.

పేరు నిజమే యైనను ఇంకొక చిక్కు గలదు. హంబర్ సైకిళ్లు 1932లోను, రడ్జి 1943లోను, బి.ఎస్.ఏ. సైకిళ్లు 1957లోను రాలీ వారి చేతిలోనికి బోయినవి. పిమ్మట వచ్చిన సైకిలుకు పేరు పుట్టింటిది, కాపుర మత్తింటిది! ఆ బి.ఎస్.ఏ. పేరే పిమ్మట మన దేశమునకు వచ్చి, మదరాసులో టి.ఐ. వారు చేసిన సైకిళ్లపై నిలిచినది. మన పిల్లలు తొక్కిన లేడీబర్డు సైకిలు దానిలోనిదే.

అయితే జంట సైకిళ్లు పెక్కు చిన్న కర్మాగారములలో గూడ చేతితో తయారైనవి. లండనులో క్లాడ్ బట్లర్, రెండవ ప్రపంచ యుద్ధానంతరము స్టాక్‌టన్‌లో టేలర్ సోదరులు, వీటికి పేరు పొందినవారు. గొట్టములు కలియు చోట్ల తొడుగు లుండక, అతుకు నునుపుగా పోతపోసినట్లున్నచో ఇట్టివారి పని యని యనుమానింపవచ్చును. ఇట్టి సైకిలుపై రంగు పోయిన, పేరును బోవును. పనితనము మాత్రము పోదు. పేరు లేదనుట విలువ లేదనుట గాదు.

కావున సైకిలు నమ్మకముందు చేయవలసిన పనులివి:

మొదట మెత్తని గుడ్డను సబ్బునీట ముంచి మెల్లగా దుడువుడు. ఇత్తడి బిందెను చింతపండుతో దోమినట్లు తోమరాదు; మరుగున నున్న పాత యక్షరము లొక్క తోముతో మాయమగును. క్రొత్త రంగు వేయింపరాదు.

పిదప సైకిలును బోర్లించి, పెడళ్ల యిరుసుండు గొట్టముల యడుగునను, వెనుక సీటు క్రిందను అంకెల కొరకు వెదకుడు. అంకెలపై పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దిన, అచ్చు దిగును. హాండిలు క్రింది గొట్టముపై బిళ్ల పోయినను దాని మేకుల రంధ్రములు మిగులును. వాని దూరమును గొలిచి వ్రాయుడు.

ఈ వివరములను ఫోటోలతోగూడ 1955లో స్థాపింపబడిన వెటరన్ సైకిల్ క్లబ్బునకు బంపవచ్చును. ఒక్కొక్క కంపెనీ సంగతి యెఱిగినవా రందు గలరు. వారును తేల్చలేనిచో "చేసినవారు తెలియదు" అని వ్రాసి యమ్ముటయే ధర్మము. గొప్ప పేరు తగిలించి యధికమడుగుట, బేరగాడు తక్కువ జేసినంత తప్పు.

చివరి మాట. సోదరీ, నీ జాబులో హబ్బు మాట గలదు, బేరగాని మాట గలదు. ఆ వృద్ధురాలు చెప్పిన మాట యొక్కటియు లేదు. ఆమె నెవ్వరైన నడిగిరా? ఏ యూర, ఏ దుకాణమున గొనిరి, అప్పటి రంగేమి, రసీదు గాని పాత ఫోటో గాని పెట్టెలో గలదా? వెనుక సీటు ముందరి గొట్టము స్త్రీల సైకిలు వలె క్రిందికి వంగియున్న, అది ఆమె కొరకే చేయించినది గావచ్చును. ఆ సైకిలు నడచిన దూరములో సగము ఆమె కాళ్ల కష్టము. ముందుగా ఆమెకడ గూర్చుండి యడుగుము. వెల మాట పిమ్మట.