పెరటితోటకు చెట్ల నెన్నుకొనుట

తొలకరి జల్లులు పడగానే మన రాజుపాలెము వంటి యూళ్ళలో మొక్కల బండ్లు వీధివీధి తిరుగుట యందఱు నెఱిగినదే. క్రోటన్లు, గులాబీలు, పేరు తెలియని సీమపూలు బండినిండ కన్నులపండువుగా నుండును. పిల్లలు మూగుదురు. పెద్దలును వారి ముచ్చట కాదనలేక నాలుగైదు మొక్కలు కొందురు. మరుసటి వేసవికి వానిలో నెన్ని బ్రతికియున్నవని యడిగినచో ఎండిన కుండీలే యుత్తరము చెప్పును. ఈ నష్టము సొమ్మునకు మాత్రమే కాదు. తాను నాటిన మొక్క తన కన్నులయెదుట చచ్చుట చూచిన బాలుడు మరల నాటుటకు ఉత్సహింపడు. కావున ఈ విషయమున మాకు తోచిన యభిప్రాయమును విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును విన్నవించుచున్నాము.

మొక్కను కొని నీళ్ళు వెదకుట గాక, నీళ్ళను లెక్కించి మొక్కను వెదకవలెనని మా యభిప్రాయము.

మన జిల్లాలో సంవత్సరమునకు సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడును. అందు చాలభాగము జూను మొదలు నవంబరు వరకే. మార్చి మొదలు మే వరకు చెట్లు మన కడవలనే నమ్ముకొని యుండును. ఎండ 40 డిగ్రీలు దాటు ఆ దినములలో బిందెలు పట్టుకొని నీటికై నిలుచువారెవరు? తల్లులును అక్కచెల్లెండ్రును గదా! నీళ్ళు మోయువారి నడుగక తోట పెట్టుట న్యాయము కాదు. స్నానపు నీరు, బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు దినమునకెన్ని కడవలగునో మొదట లెక్కింపవలెను. ఆ నీటికి సరిపడునన్ని చెట్లే నాటవలెను. పది నాటి తొమ్మిదింటిని చంపుటకంటె మూడు నాటి మూడింటిని పెంచుట మేలు.

నీటి పిమ్మట చూడవలసినది నేల. కుందూనది పరిసరములందు నల్లరేగడి యెక్కువ. ఇది వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. వానకాలమున నీటిని పట్టియుంచి వేళ్ళకు గాలి యందనీయదు. పులివెందుల ప్రాంతపు చీనీతోటలను, 2022 వరకు మన జిల్లాలో నుండిన రైల్వేకోడూరి మామిడితోటలను చూచి వచ్చినవారు తమ పెరటను నవియే కావలెనందురు. కాని చీనీ, నిమ్మ నీరు నిలువని నేలను కోరునవి. రేగడిలో వాని యాకులు పసుపువాఱి, మొదట బంక కారి, చెట్టు క్షీణించుట మేము చూచియున్నాము. ఆశ విడువలేనివారు నేలకంటె ఎత్తుగా మట్టి పోసి, అందు ఎఱ్ఱమన్ను, ఇసుక, మాగిన పశువుల యెరువు కలిపి, దానిపై నాటవలెను.

మఱి మనకు తగినవేవి? జామ మొదటిది. అంటుజామ రెండు మూడేండ్లలో కాపునకు వచ్చును. ఇట్టి నేలయే కావలెనని పట్టుపట్టదు. నారింజయందుకంటె జామపండునందు సి విటమిను కొన్ని రెట్లధికము. సీతాఫలము మన కొండలలో నెవరును నీరు పోయకయే కాయును. మేకలును దాని యాకును ముట్టవు. ఉసిరి చౌడునేలనుగూడ నోర్చును. అయితే ఒంటిచెట్టు చక్కగా కాయదు గనుక, వేఱొక రకపు ఉసిరిని పొరుగింటివారిచేత నాటించుకొనుట మంచిది. ఇరుగుపొరుగుల స్నేహమునకు ఇదియు నొక మార్గము. స్నానపు నీరు పాఱుచోట అరటి పెట్టవచ్చును. బొప్పాయికి నీరు నిలువరాదు. అందు మగచెట్లు వచ్చును గనుక నాలుగు మొక్కలు నాటి, పూత చూచిన పిమ్మట అక్కఱలేనివానిని తీసివేయవలెను. ఇక మామిడి పెద్ద పెరడు గలవారికే తగును. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. దానిమీద మక్కువ పడనివారు లేరు. కాని మామిడికి ఇంచుమించు 10 మీటర్ల యెడము కావలెను. రెండు సెంట్ల పెరడంతయు ఒక్కచెట్టే యాక్రమించును. గోడ ప్రక్కన నాటి, పెరిగిన పిమ్మట నఱకుట తగదు.

గడ్డలనుండి మొలచు పూలమాట. ఆంగ్ల పాఠములలో డాఫొడిల్, ట్యూలిప్ పూల వర్ణనలు చదివి వానికై యువ్విళ్ళూరు పిల్లలు కలరు. ఆ గడ్డలు కొన్ని వారములు మంచి చలిలో నుండిననే పూచును. అట్టి చలి మనకు లేదు. నేలసంపెంగ మెక్సికో దేశమునుండి వచ్చినదైనను మన యెండకు అలవాటు పడినది. సాయంకాలమున పరిమళించి తల్లి కొప్పునకును దేవాలయపు బల్లకును అలంకారమగును. మత్తయి సువార్తలో ఆంగ్లము లిల్లీపూలనిన చోట మన తెలుగు బైబిలు అడవిపువ్వులన్నది. మన చుట్టు పూచు పువ్వులు తక్కువవి కావని యా మాట మాకు తోపించుచున్నది.

అలంకారమునకు మల్లె, మందారము, నందివర్ధనము చాలును. గన్నేరు నీరు లేకున్నను పూచును గాని దాని యాకు, పువ్వు, గింజ సర్వము విషమే. పసిపిల్లలును మేకలును గల యింట వలదు.

సీమమొక్కలను ప్రేమించుట తప్పాయని కొందఱడుగవచ్చును. తప్పనము. విలియం కేరీ దొరగారు శ్రీరాంపూరు తోటలో, ఇంగ్లండునుండి గింజలు వచ్చిన సంచిని దులుపగా డెయిజీ మొక్క మొలచెను. దానిని చూచి ఆయన మిక్కిలి యానందించెను. అయితే ఆయనయే 1814లో తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. 1820లో కలకత్తాలో వ్యవసాయోద్యాన సంఘమును స్థాపించెను. సామర్లకోటలో నుండి మన మొక్కల తెలుగుపేళ్ళను వ్రాసికొనిన రాక్స్‌బరో దొర గ్రంథమును పరిష్కరించి అచ్చువేయించెను. దూరదేశపు పువ్వును చూచి మురిసినవాడే ఈ దేశపు చెట్లను పేరుపేరున నెఱుగుటకు శ్రమించెను.

కావున విద్యార్థులారా, ఈ యేడు మొక్కల బండి వచ్చినపుడు ఒక్క ప్రశ్న వేసికొనుడు: వచ్చు మే నెలలో దీనికి నీరు పోయువారెవరు? ఆ యుత్తరము మీ పేరైనచో కొనుడు. మీ యమ్మగారి పేరైనచో బండిని సాగనిండు. చెట్టు కోరినవాడే కడవ మోయవలెను.