ఇంటి విత్తనం ఇంట్లోనే నిలవాలి

మదనపల్లె మార్కెట్టులో 2023 జూలైలో కిలో టమోటా వంద రూపాయలు దాటింది. ధర పడిపోయిన రోజుల్లో అదే కాయను రోడ్డు పక్కన పారబోయడమూ ఆ ప్రాంత రైతులకు కొత్త కాదు. ధర ఎక్కినా దిగినా ఒక ఖర్చు మాత్రం తప్పడం లేదు. నాటిన ప్రతిసారీ విత్తనమో, నారో కొనవలసిందే.

ఇందుకు హైబ్రిడ్ రకాలను నిందించి ప్రయోజనం లేదు. తోలు గట్టిగా ఉండి లారీ ప్రయాణానికి ఆగే కాయ, ఎక్కువ దిగుబడి వ్యాపార పంటకు అవసరమే. కాని హైబ్రిడ్ కాయ గింజలు వేస్తే మొక్కలన్నీ తల్లిమొక్కలా రావు. నాటు టమోటా, పూసా రూబీ, అర్క వికాస్ వంటి సూటి రకాలకు ఆ ఇబ్బంది లేదు. టమోటా పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది. అందువల్ల పెరట్లో రెండు మూడు రకాలను కొంచెం ఎడంగా పెంచుకున్నా విత్తనం కలిసిపోయేది తక్కువ.

పప్పుకూ చారుకూ పులుపునిచ్చే పలుచని తోలు నాటుకాయను మార్కెట్టు అడగడం లేదు. అందుకే అది పొలాల నుంచి తప్పుకుంటోంది. పెరట్లో కూడా లేకుండా పోతే ఆ విత్తనాన్ని మళ్ళీ సంపాదించడం కష్టం.

విత్తనం కట్టుకోవడం పెద్ద పని కాదు. ఆకుముడత, ఇతర తెగుళ్ళు లేని, బాగా కాసిన మొక్కకు గుడ్డపేలిక కట్టి గుర్తు పెట్టుకోవాలి. కాయను చెట్టుమీదే బాగా పండనిచ్చి కోయాలి. గింజలతో గుజ్జును మట్టి పాత్రలోకో గాజు గిన్నెలోకో పిండి ఒకటి రెండు రోజులు పులియనివ్వాలి. అప్పుడు గింజమీది జిగురు విడిపోతుంది. నీళ్ళు పోసి కలిపితే తాలు గింజలు తేలుతాయి, మంచివి అడుగున నిలుస్తాయి. వాటిని కడిగి, కంచంలో పలుచగా పరచి నీడపట్టున ఆరబెట్టాలి. గలగలలాడేలా ఆరాక సీసాలో పోసి, రకం పేరు, సంవత్సరం రాసి పెట్టాలి. చెమ్మ తగలకుంటే మూడు నాలుగేళ్ళ దాకా మొలుస్తాయి. గ్రాముకు సుమారు 300 గింజలు తూగుతాయి గనుక, ఒకరి సీసా నలుగురి పెరళ్ళకు సరిపోతుంది.

రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవడానికీ, తిరిగి విత్తడానికీ, ఇతరులతో మార్చుకోవడానికీ 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. హక్కు ఉంటే చాలదు, చేతిలో విత్తనం కూడా ఉండాలి.

ఉద్యానశాఖ అధికారులు సూటి రకాల విత్తనాలను పెరటికి సరిపడే చిన్న పొట్లాలలో గ్రామాలకు చేర్చాలి. విత్తనం తీసే పద్ధతిని మహిళా సంఘాల సమావేశాల్లో చేసి చూపించాలి. గృహిణులు కూడా అధికారుల కోసం ఎదురుచూడకుండా, ఈ పంటలోనే ఒక మంచి కాయను కూరకు కోయకుండా విత్తనానికి వదలాలి.